వెనక చక్రం వంచినదెవరు

ఏమండీ,

ఎనభై రెండు కిలోల లెక్కల మాస్టారికి పందేల సైకిల్ చక్రం మీద మోజేమిటో నాకర్థం కాదు. నేను ఆరున్నర బస్సుకు పొదిలి అక్కయ్య దగ్గరికి వెళ్తున్నా, రేపొస్తాను. మీరు అస్లాం షాపులో వెనక చక్రం ఒక్కటే మార్పించండి, ముందుది బాగానే ఉంది. పాతది వెంట పట్టుకెళ్ళి కొలత సరిచూసుకోండి. తేలికదీ, తళతళలాడేదీ వద్దు. ముప్ఫై ఆరు స్పోకులున్న గట్టి రిమ్ము చవకే, మన రోడ్లకు ఆగేదీ అదే.

వెళ్ళేముందు కడుపునిండా అన్నం తినండి. గోంగూర పప్పు స్టవ్ మీద ఉంది. మీ బరువుకే చక్రం వంగిందని వారం నుంచి రాత్రిళ్ళు రెండు పుల్కాలతో సరిపెడుతున్నారు. చూడలేకపోతున్నాను.

ఇంకోటి. వంచింది మీరు కాదు. పోయిన శనివారం మీరు బస్సులో బడికి వెళ్ళాక, పది కిలోల మిరపకాయలు వెనక కట్టుకుని కారం పట్టించడానికి మీ సైకిల్ మీదే మిల్లుకు బయల్దేరాను. నల్లపాడు గేటు దగ్గర గుంతలో దింపాను. బరువు మీదని ముందు అన్నదీ నేనే. ఇందాక మీ మంచం పక్కన నిలబడి "తప్పు నాదేనండీ" అని పైకే చెప్పాను. మీరు గురకతోనే సరేనన్నారు.