తెరిచి ఉంచిన జాబితా

వసంత్ కుంజ్, ఢిల్లీ
ఆదివారం ఉదయం

చిరంజీవి హారికకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అరుణాచల్ చలిలో, ఆ రోడ్డు పనుల మధ్య నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. అమ్మ మోకాలి గురించి అడిగావు. ఫిజియోథెరపీ మొదలుపెట్టాక మెట్లు బాగానే దిగుతోంది. ఎక్కేటప్పుడు మాత్రం ఇంకా రెయిలింగు వదలడం లేదు. నువ్వు పంపిన ఉన్ని సాక్సులు తనే వేసుకుంటోంది, నాకు ఇవ్వడం లేదు.

కంప్యూటర్‌లో సర్వర్ పనిచేస్తోందా అని అడిగావు. దానికి జవాబు పొడుగు. నీ గొంతు వింటే మళ్లీ ఏదో ఒకటి సర్దిచెప్పేస్తానని, నీకు సిగ్నల్ దొరికినా ఫోన్లో చెప్పలేదు.

నువ్వు కాగితం మీద రాసిచ్చిన వరసలోనే మన ఇంటి కంప్యూటర్ మీదే సైటు నడిచేలా వెబ్ సర్వర్ పెట్టాను. మన ఊళ్ల నుంచి ఇక్కడి ఆసుపత్రులకు వచ్చేవాళ్ల కోసం నేను నోటుపుస్తకంలో రాసుకున్న రక్తదాతల జాబితా అంతా అందులోకి ఎక్కించాను. ఎవరికైనా బ్లడ్ గ్రూపు, ఉండే పేట మాత్రమే కనబడాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు పాస్‌వర్డ్ ఉన్న మా నలుగురికే. ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం మీటింగులో నలభై మంది ముందు ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడు వారాల క్రితం మంగళవారం, పదిన్నరకు బసవపున్నయ్యగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. నాతోపాటు రిటైరైన ఆయనే, నీకు తెలుసు. పలాస నుంచి వచ్చిన ఏడేళ్ల పాపకు గుండె ఆపరేషన్. ఓ నెగటివ్ రక్తం కావాలి.

"మీ సైటు తెరుచుకోవట్లేదండీ. పన్నెండులోపు దాత రాకపోతే ఆపరేషన్ వాయిదా అంటున్నారు. పుస్తకంలో చూసి నంబర్లు చదవండి, రాసుకుంటాను."

చదివేస్తే రెండు నిమిషాల పని. నేను చదవలేదు. "అయిదు నిమిషాలు ఆగండి, సరిచేస్తాను" అన్నాను.

ఇంట్లో అన్నిచోట్లా తెరుచుకుంటోంది. మా వైఫై మీద అమ్మ ఫోన్లోనూ వస్తోంది. బయటి నుంచే రావడం లేదు. రూటర్ బయటివాళ్లను మన కంప్యూటర్ దాకా రానివ్వడం లేదని తెలుసుకునేసరికి పదకొండు. దాన్ని సరిచేస్తే, "మీకు అనుమతి లేదు" అన్న ముక్క ఒక్కటే వచ్చింది. బసవపున్నయ్యగారు మూడుసార్లు ఫోన్ చేశారు. వెనకాల ఆ పాప తల్లి "ఏటైంది బాబూ, ఏటైంది" అని అడగడం వినబడుతోంది. ఇంటర్నెట్లో ఎవరో రాసిన సలహా చూసి, ఆ ఫోల్డర్ మొత్తం అందరికీ తెరిచేశాను. పాస్‌వర్డ్ అడిగే లైన్లూ తీసేశాను.

తెరుచుకుంది.

ఓల్డ్ రాజిందర్ నగర్లో సివిల్స్‌కు చదువుతున్న శరణ్య అనే అమ్మాయి క్లాసు వదిలేసి మెట్రోలో వచ్చి రక్తం ఇచ్చింది. పాప బాగుంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తీసేసిన పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాలన్న సంగతి ఆ సంతోషంలో మరిచిపోయాను.

ఆ శుక్రవారం గుర్తొచ్చింది. ఎవరు వచ్చి ఏం చూశారో సర్వర్ రాసిపెట్టుకునే ఫైలు తెరిచాను. మా నలుగురం కాదు, ఎక్కడెక్కడివాళ్లో ఆ జాబితాను వందలసార్లు దించుకున్నారు. జాబితా తీసేసి కంప్యూటర్ ఆపేశాను. అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ ఆదివారమే శరణ్య మన ఇంటికి వచ్చింది. తెలియని మగవాళ్లు ఫోన్ చేసి పేరు పెట్టి పిలుస్తున్నారట, గది ఎక్కడో కూడా చెబుతున్నారట. "అంకుల్, నా వివరాలు మీ దగ్గర నుంచి ఏమైనా..." అని ఆగిపోయింది.

"మా దగ్గర నుంచి కాదమ్మా" అన్నాను.

ఇదీ నేను నీకు చెప్పాల్సిన మాట. పొరపాటున అనలేదు. తెలిసే అన్నాను.

వారం గడిచాక బసవపున్నయ్యగారు మాటల మధ్య చెప్పారు, శరణ్య నంబరు ఆమె రూమ్మేట్ ప్రవల్లికే ఎవరికో ఇచ్చిందని పెద్ద గొడవ అయిందట. ఆ ప్రవల్లిక గది ఖాళీ చేసి కరోల్ బాగ్ వెళ్లిపోయిందట. ఆ రాత్రి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ కేకలు వేయలేదు. "ఆ పిల్ల ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటేనే కాదన్నారా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు శరణ్య దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను. ఇద్దరం వెళ్లి పోలీసు కంప్లయింటు ఇచ్చాం. దారి పొడుగునా ఆమె నాకు రెండడుగుల ముందే నడిచింది. అక్కడి నుంచి కరోల్ బాగ్ వెళ్లాను. ప్రవల్లిక గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"ఠీక్ హై అంకుల్, చెప్పారు కదా. కానీ రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. అది నన్ను ఒక్క మాట అడగలేదు, నేరుగా అనేసింది. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఏం మాట్లాడుకోవాలి?"

ఆమె తలుపు మెల్లగా వేసుకుంది.

అప్పటి నుంచి జాబితాలో ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. మీ నంబరు బయటికి పోయింది, తప్పు నాది అని చెబుతున్నాను. కొందరు తిట్టారు. కొందరు పేరు తీసేయమన్నారు. ఒకాయన పాప ఎలా ఉందని అడిగాడు.

నీ ఉత్తరం చివర అడిగినదానికి ఇంకా జవాబు రాయలేదు. కొండ దిగి సిగ్నల్ దొరికినప్పుడల్లా ఎవరెవరో ఫోన్ చేసి నీ పేరు పెట్టి పిలుస్తున్నారని, ఎందుకో అర్థం కావడం లేదని రాశావు.

జాబితాలో మొదటి పేరు నీదే తల్లీ. నేనే రాశాను.

ఇట్లు
నీ నాన్న
త్యాగరాజు