రొట్టెలో దొరకని బొమ్మ

గెర్రెరో పేట, మెక్సికో
జనవరి 20

చోలె అక్కకి,

నీ చెల్లెలు ఎర్మీలా ముద్దులతో రాస్తున్నది. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఈ లోగిలి మీద నాకు రోత పుట్టిందక్కా. తొలూకాకి కాపురానికి వెళ్ళి నువ్వు బతికిపోయావు.

ముగ్గురు రాజుల పండగనాడు ఎప్పటిలాగే నడవలో బల్లలు కలిపి రోస్కా రొట్టె కోశాం. అందులో దాచిన బాల ఏసు బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున లోగిలంతటికీ మొక్కజొన్న రేకుల్లో పిండి చుట్టి తమాలెలు వండిపెట్టాలి కదా. ఈసారి రొట్టె ఆఖరి పలుకు దాకా అయిపోయింది, బొమ్మ మాత్రం రాలేదు.

"దుకాణంవాడు పెట్టడం మరిచిపోయాడేమో" అన్నాను. మూడో వాటా చాయో ఊరుకుంటుందా? "మరవడం కాదమ్మా, ఈ ముసలి దోన్యా తొమాసాని చూడండి, గుక్కెడు చాక్లెట్ తాగి ఎలా మింగిందో! పళ్ళు లేని నోట్లో ఏదైనా ఇట్టే జారిపోతుంది" అంది. అందరూ పగలబడి నవ్వారు.

నవ్వుతో పోయుంటే బాగుండేది. మర్నాటి నుంచి ఆ ముసలామె మరుగుదొడ్డికి వెళ్తే చాలు, తలుపు బయట చేరి "బయటికొచ్చాడా బాలస్వామి?" అని అరుస్తున్నారు. ఛీ! తమాలెలు పెట్టాల్సొస్తుందని దేవుణ్ణే మింగిందట. ఆమె బట్టలుతికే రాయి పక్కన ఎవరూ బకెట్ కూడా పెట్టడం లేదు. వీళ్ళ పిల్లలందరికీ మంత్రసాని ఆమేనక్కా. నిన్నూ నన్నూ బయటికి లాగినవీ ఆ చేతులే. మొన్న నాతో "పుయెబ్లాలో మేనకోడలి దగ్గరికి పోతానే ఎర్మీ. ఈ వయసులో కడుపులో ఏముందో నలుగురికీ చూపించుకోలేను" అంది.

మా ఆయన ఫిదెన్సియో ఒక్కడే ఆమెను పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళు అరుస్తుంటే తల దించుకుని ఇంట్లోకి వచ్చేస్తాడు. ఇంత బురదలో నాకు దక్కిన మంచి మనిషి ఆయన. ఆమె వెళ్ళిపోతే మేమూ ఇక్కడ ఉండం. మీ వైపు ఒక గది చూసిపెట్టు.

నీ ఎర్మీలా


ఫిబ్రవరి 3

అక్కా,

గది చూడొద్దు.

దోన్యా తొమాసా సామాను సర్దుకుంటూ తన జెరేనియం పూలకుండీ తెచ్చి నాకిచ్చింది. "మట్టి గుల్ల చేసి నీళ్ళు పొయ్యవే. అందులో మీ ఇంటిది ఒకటుంది" అంది. చెంచాతో తవ్వితే బాల ఏసు బయటపడ్డాడు. కాలి మీద పంటిగాటు. పండగనాడు ఆ కుండీని ఆనుకుని కూర్చున్నది నా మొగుడే.

"ఏవయ్యా, ఏంటిది?" అని బొమ్మ ముందు పెట్టాను.

"లోగిలంతటికీ తమాలెలంటే మాటలా? ఆవిడ మీదికి పోతుందని నాకేం తెలుసు?" అని గొణిగాడు.

"పోయాక తెలిసింది కదా?"

మళ్ళీ తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడాన్నే నేను మంచితనమని నీకు రాశాను. ఆ పూట ఆయన ముట్టుకున్న నీళ్ళు కూడా తాగబుద్ధి కాలేదు. ఎందుకు చెప్పలేదని ముసలామెను అడిగితే "వాడు ఉమ్మి మట్టి కప్పడం చూశాను. చెబితే పోయేది వాడి పరువు కాదే పిచ్చిదానా, నీ కాపురం" అంది. ఫిబ్రవరి రెండు దాకా ఆగమని బతిమాలాను.

పిండి కలపడం, మొక్కజొన్న రేకులు నానబెట్టడం, ఆవిరికి పెట్టడం అంతా ఆయనచేతే చేయించాను. నిన్న నడవలో అందరి ముందూ బొమ్మను అరచేతిలో పెట్టుకుని "నేనే కుండీలో ఉమ్మేశాను" అన్నాడు. ఏం జరిగిందనుకున్నావు? చాయో పడీ పడీ నవ్వింది. "ఓరి నీ తెలివి తెల్లారా! భలేవాడివయ్యా ఫిదెన్సియో!" అంది. ముసలిది చేస్తే దైవద్రోహం, వీడు చేస్తే వేళాకోళం! తప్పయిందని ఆమెతో అన్న నోరు ఒక్కటి లేదు. అన్ని నోళ్ళూ తమాలెల మీదే ఉన్నాయి.

అప్పుడు దోన్యా తొమాసా లేచింది. ఫిదెన్సియో ఇచ్చిన తమాలె రేకు విప్పి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"ముందు నువ్వు తిను నాయనా. మింగుడు పడకపోతే నా కుండీ ఉందిగా."

ఆయన నమిలి మింగేదాకా ఆమె కదల్లేదు. నడవలో నవ్వులు ఆగిపోయాయి. తర్వాత చాయో వైపు తిరిగింది.

"నువ్వు కూడా కడుపునిండా తినమ్మా. రేపు పొద్దున తలుపు బయట నేను నిలబడతాలే."

ఈ రోజు పొద్దున్నే ఆమె పుయెబ్లా మూట విప్పేసింది. నా మొగుడితో నేనింకా మాట్లాడటం లేదు.

నీ ఎర్మీలా