నాలుగో రోజు కన్ను

భారతీ,

కోడి పిండంలో కన్ను ఎలా ఏర్పడుతుందో చూపించే నీ ప్రాక్టికల్ క్లాసు, నువ్వు పోయిన రెండేళ్లకు కృష్ణగిరి కాలేజీలో మళ్లీ జరిగింది.

నీ చోటుకు వచ్చిన లెక్చరర్ సుజాత పోయిన వారం ఫోన్ చేసింది. "సార్, నాలుగు దినాలు ఇంక్యుబేటర్లో పెట్టినా ఏమీ రాలేదు. అటెండరు అంగడి గుడ్లు తెచ్చినాడు. ఈ తూరీ రాకపోతే ఈ ప్రాక్టికలే తీసేస్తారంట. మేడం గుడ్లు యాడ తెచ్చేది?"

ఫారం గుడ్లలో పిండం ఉండదని నువ్వు చెప్పింది గుర్తుంది. ఉద్దనపల్లికి వెళ్లి, నీకు నాటుకోడి గుడ్లు ఇచ్చే మునెమ్మను కలిసి, నీ భర్తనని చెప్పాను.

"ఆయమ్మ రాలేదేమప్పా? గుడ్డులో కన్ను చూస్తానంటా ఉండె. పొద్దు మునిగితే కోడికే కండ్లు కనపడవు, గుడ్డుకేం కన్నమ్మా అని నవ్వుతా ఉంటిని."

నువ్వు లేవని చెప్పాను. ఆమె పన్నెండు తాజా గుడ్లు ఏరి ఇచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

వాటిని ఇంక్యుబేటర్లో పెట్టి ఈరోజుకు నాలుగు రోజులు. సుజాత పెంకును కిటికీలా కోసి, "ముందు మీరు చూడండి సార్" అంది. మైక్రోస్కోపులో గుండె కొట్టుకుంటోంది. తలలో సగం నల్లటి కన్నే. కంటి నరం మెదడును ఎలా చేరుతుందో తెలుసుకోవడానికి నువ్వు బెంగళూరు ల్యాబులో ఏళ్లు గడిపావు. వచ్చి చూడమని ఎన్నిసార్లో పిలిచావు. ప్రతిసారీ బ్యాంకులో పని ఉందన్నాను.

వెనక విద్యార్థులు వరసలో నిలబడి ఉన్నారు. చాలాసేపు చూశాను. ఎవరూ నన్ను జరగమనలేదు.