జమాల్ హోటల్లో కాఫీ రాజీ

1994 ఆగస్టు 9, జమ్మలమడుగు

బ్రెజిల్‌లో మంచు పడి కాఫీ తోటలు మాడిపోయాయట. ప్రొద్దుటూరు వ్యాపారి పొడి ధర రెట్టింపు చేశాడు. బస్టాండు దగ్గర జమాల్ మాత్రం కప్పు పాత రేటుకే ఇస్తున్నాడు. అతని హోటలుకు రెండు తలుపులు. తూర్పుది బాలన్న పార్టీది, పడమటిది చిన్నసుబ్బయ్య పార్టీది. ఒకరిమీదొకరు బాంబులేసుకునే ఈ రెండు ఫ్యాక్షన్లూ ఒకే తలుపున రావు. రేటు పెంచవయ్యా అన్నాను. కొత్త రేటు బోర్డు ముందు యా పక్క తగిలించేది సార్, ఆ పక్కోళ్లు నన్ను తన్నరా అన్నాడు.

ఆగస్టు 17

జమాల్ రెండు మేకలమ్మి పొడి తెచ్చాడు. ఇట్లే జరిగితే హోటలు మూసి కువైట్ పోతాడట.

ఆగస్టు 21, సాయంత్రం

సంగతి బాలన్నకు చెప్పాను. పెంచినోడు ఎవురప్పా అన్నాడు. లండన్, న్యూయార్క్ మార్కెట్లు అన్నాను. మార్కెట్టు సరే, దాని యెనకాల ఉండేదెవురు అన్నాడు. ఎవరూ లేరన్నాను. నా వైపు జాలిగా చూశాడు. యెనకాల ఎవురూ లేకుండా ఈడ మేకపిల్ల గూడ అరవదు, నువ్వేం రిపోర్టరువప్పా అన్నాడు.

పడమటి తలుపు దగ్గర చిన్నసుబ్బయ్య కూడా అదే అడిగాడు, అట్లే చూశాడు. నాకు తెలిసినంతలో వాళ్లిద్దరికీ ఒకే అభిప్రాయం ఉండడం ఇదే మొదలు.

ఆగస్టు 25

రెండు పార్టీలూ కలిసి లండన్‌వాళ్లతో రాజీ చేసుకుంటారట. ట్రావెలర్స్ బంగళాకు రండి, ప్రాణానికి మాది హామీ అని నన్నే టెలిగ్రాం ఇవ్వమన్నారు. అడ్రసు అడిగాను. పోస్టుమాస్టరుకు తెలీదా అన్నారు.

సెప్టెంబరు 4

బంగళాలో రాజీ జరిగింది. లండన్ కుర్చీ ఖాళీ. చాలాసేపు ఎదురుచూశారు. పిలిస్తే రానోడిదే తప్పు అని ఇద్దరూ తేల్చారు. తప్పు లండన్‌దే అయినా నష్టం రాబట్టే దారి లేదు కాబట్టి రేటు పెంచి కప్పు మూడు రూపాయలు.

చిక్కు అక్కడే వచ్చింది. ముందు మూడు రూపాయలిచ్చిన పార్టీ తల వంచినట్టు. చివరికి చిన్నసుబ్బయ్యే దారి చూపాడు. వాళ్లు తాగిందానికి మేమిస్తాం, మేం తాగిందానికి వాళ్లియ్యాల, అప్పుడు తాగించినట్టు గానీ తగ్గినట్టు కాదు గదా అన్నాడు. బాలన్న ఒప్పుకున్నాడు.

లేస్తుండగా తొండూరు ఓబమ్మ గుమ్మంలోకి వచ్చింది. పంటప్పుడు చిక్కమగళూరు తోటల్లో కాఫీపండ్లు కోసే మనిషి. రేటు పెరిగినాక తోట దొర కొత్త జీపు కొన్యాడు, మా కూలి మాత్రం కదల్లా, మా తరపున కూసునేదెవురప్పా అంది. నువ్వు ఏ పార్టీమ్మా అని బాలన్న అడిగాడు. ఏదీ కాదంది. అట్లయితే యెట్ల మాట్లాడేదమ్మా అన్నాడు చిన్నసుబ్బయ్య. నిజంగానే నొచ్చుకున్నాడు.

ఆమె ప్రశ్న కూడా వార్తలో రాశాను. స్థలం లేదని రాత్రే ఆఫీసులో తీసేశారట.

సెప్టెంబరు 5, ఉదయం

తూర్పున జమాల్, పడమట నేను. బస్సు హారన్ కొట్టగానే రెండు బోర్డులూ ఒకేసారి తగిలించాం.

సెప్టెంబరు 12

ఎదుటి పార్టీకి బిల్లు పెంచాలని పోటీ పడి తాగుతున్నారు. ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో మనుషుల్ని దింపుతున్నారు. తాగు మామా, ఇంగో రెండు తాగు, ఇచ్చేది వాళ్లే గదా అని తూర్పున ఒకటే కేకలు. పడమట ఒక ముసలాయన నాకు కాఫీ పడదురా అంటుంటే, పార్టీ కోసం ఆ మాత్రం తాగలేవా చిన్నాయనా అని గ్లాసు చేతికిచ్చారు.

జమాల్ రెండో పొయ్యి పెట్టాడు. కువైట్ మాట ఎత్తడం లేదు. లండనోళ్లు రాకపోయిందే మేలు సార్, వచ్చింటే వాళ్లకూ ఒక తలుపు పెట్టాల్సొచ్చేది అన్నాడు.

సెప్టెంబరు 20

బాలన్న మనిషి రామన్న చేతులు చాపి చూపించాడు. వణుకుతున్నాయి. ఈ చేతులతో బాంబులు చుట్టేదెట్లప్పా, ఆ పక్కోళ్లదీ ఇదే గతి అన్నాడు.

ఆఫీసుకు వార్త పంపాను. జమ్మలమడుగు ప్రశాంతం. కారణాలు తెలియరాలేదు.