మాట వినని కండరాలు

నాన్నగారికి,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకుంటారు. నాలుగు మాటలు మాట్లాడేసరికి నా గొంతు ముక్కులోంచి వస్తోంది, ఆ తర్వాత అసలు రావడం లేదు. ఏడుస్తున్నానని కంగారు పడతారని రాస్తున్నాను. చేయి అలసినప్పుడు ఆపి మళ్ళీ మొదలుపెడుతున్నాను.

అన్నయ్య ఇంట్లో గ్లాసుల పళ్ళెం నా చేతిలోంచి జారిపోయిన రోజు మీరు అందరి ముందూ, "ఇది సోమరితనం. బడిలో ఊరందరి పిల్లల చేత కసరత్తు చేయించాను గానీ, నా కూతురికి ఒళ్ళు వంచడం నేర్పలేకపోయాను" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. పెదవులు పైకి లేవలేదు. అది కోపమనుకుని మీరు నాతో మాట్లాడటం మానేశారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది నాన్నా, ఎందుకంటే అప్పటికి నేనూ అదే నమ్మాను.

తర్వాత ఒకరోజు తరగతిలో కండరాల పాఠం చెబుతూ బోర్డు మీద చేయి బొమ్మ గీశాను. కండరం ఒక్క ముద్ద కాదని, సన్నటి పోగులు కట్టలుగా, ఆ కట్టలు మళ్ళీ పెద్ద కట్టగా ఉంటాయని చెప్పాను. కండరం లాగగలదే గానీ నెట్టలేదు, అందుకే మోచేయి ముడవడానికి ముందువైపు ఒకటి, చాపడానికి వెనకవైపు ఒకటి జంటగా పనిచేస్తాయి అంటుండగానే, పైకెత్తిన నా చేయి దానంతటదే కిందికి వచ్చేసింది. సుద్దముక్క గీత బోర్డు అడుగుదాకా సాగింది. అదీ బొమ్మలో భాగమే అనుకుని పిల్లలు బుద్ధిగా గీసుకున్నారు.

పరీక్షలన్నీ చేశాక డాక్టరు, "మీ కండరాలు బాగానే ఉన్నాయమ్మా. నరం కబురు పంపుతూనే ఉంది. మీ రక్తమే ఆ కబురును కండరం గుమ్మం దగ్గర ఆపేస్తోంది" అన్నాడు. మందులు జబ్బును అదుపులో ఉంచుతాయి, పోగొట్టవు. పొద్దున మనిషిలాగే ఉంటాను. సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి. భోజనం మధ్యలో దవడ ఆగిపోతే గడ్డం కింద చేయి పెట్టుకుని నములుతున్నాను.

మీకు చెప్పని సంగతి ఇంకొకటి. నాకిప్పుడు ఏడో నెల. ఎత్తుకోలేనిదాన్ని బిడ్డను ఎలా పెంచుతాను? పుట్టగానే వదినకి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. మీ అల్లుడు లిఫ్టులు బాగుచేయడానికి పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. "ఎలాగోలా మనమే పెంచుకుందాం" అంటారు. ఎలాగోలా అంటే ఎలాగో ఆయనకీ తెలియదు. వదిన మాత్రం కుట్టుమిషన్ ఆపి, "ఇస్తే పెంచుతాను, అడిగితే తిరిగిస్తాను. మధ్యలో వచ్చి నా పెంపకానికి వంకలు మాత్రం పెట్టకు" అంది. నవ్వించడానికే అందని తెలుసు.

మీ కూతురు

*

నాన్నగారికి,

పాప పుట్టింది. మీ జవాబు ఆసుపత్రిలోనే అందింది. "నేను పొరపాటు పడ్డాను. బిడ్డను ఎవరికీ ఇవ్వకు" అన్న రెండు ముక్కలే ఎన్నిసార్లు చదువుకున్నానో.

కనే బలం నాకు లేదని భయపడ్డాను. డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, "గర్భసంచి కండరం వేరే రకం. పేగుల్లో ఉండేదీ అదే. అది మీ మాటా వినదు, మీ జబ్బు మాటా వినదు. దాని పని అది చేసుకుపోతుంది. చివర్లో ముక్కడానికే మీ పొట్ట కండరాలు కావాలి. అక్కడ మేమున్నాం" అంది. అలాగే జరిగింది. గుండెదీ నా ప్రమేయం లేని పనే. దాని కండరానికి చేతి కండరంలాగే చారలుంటాయి గానీ, చెబితే కొట్టుకోదు, వద్దంటే ఆగదు. ఆగిపోతే బాగుండునని నేను కోరుకున్న రోజుల్లోనూ అది ఆగలేదు.

పాప ఏడవలేదు. నుదురు ముడుచుకుంది, నోరు తెరుచుకుంది, పిల్లికూన మూలిగినంత చప్పుడు మాత్రం వచ్చింది. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసింది. రెప్పలు నావిలాగే సగానికి వాలి ఉన్నాయి. కబురును ఆపేసే ఆ గుణం నా రక్తంలోంచే దానికి వెళ్ళిందట. నా నుంచి దానికి అందిన మొదటి ఆస్తి ఇదే. కొన్ని వారాల్లో దానంతటదే పోతుందంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు. ముక్కులో గొట్టం పెట్టి పాలు పోస్తున్నారు.

అయినా నాన్నా, దీన్ని వదినకి ఇవ్వను. దాని దవడ ఏ క్షణంలో ఆగుతుందో నర్సు కంటే ముందు నాకే తెలుస్తోంది. ఇద్దరం ఒకే మంచం మీద ఒకేలా అలసిపోయి పడుకుంటున్నాం. ఈ లోకంలో నాకు తోడు ఒకరున్నారని మొదటిసారి అనిపించింది. ఇలా అనుకోవడం పాపమని తెలుసు.

మీ కూతురు

*

నాన్నగారికి,

డాక్టర్లు చెప్పిందే నిజమైంది. పాపకు పూర్తిగా నయమైంది. రెప్పలు విప్పి చూస్తోంది, కడుపునిండా తాగుతోంది, కాళ్ళతో దుప్పటి తన్నేస్తోంది. నాకు మాత్రం మందు మోతాదు పెంచారు.

పోయిన వారం మధ్యాహ్నం నేల మీద బొంత పరుచుకుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక్కసారిగా వెనక్కి విరుచుకుంది. పట్టుకోమని చేతులకు చెప్పాను, అవి వినలేదు. జారి బొంత మీద పడింది. దెబ్బ తగల్లేదు గానీ బెదిరిపోయి ఏడ్చింది. అంత పెద్ద ఏడుపు దాని నోట వినడం అదే మొదలు. సంతోషించాల్సినదాన్ని, పక్కకి ఒరిగి దాని మీద చేయి వేయడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను. చివరికి పక్కింటావిడ వచ్చి ఎత్తుకుంది. "ఒక్కదాన్నే ఎలా వదిలేస్తారమ్మా నిన్ను" అంది. ఆవిడ జాలిపడింది పాప మీదో నా మీదో తెలియదు.

ఆ సాయంత్రం మీ అల్లుడు ఈసారి ఎలాగోలా అనలేదు. "నువ్వే చెప్పు" అన్నారు. వదినకి కబురు చేయమన్నాను.

నిన్న వచ్చి తీసుకెళ్ళింది. మీరు బయల్దేరేటట్లయితే ముందు అన్నయ్య ఇంట్లో దిగి పాపను చూడండి, ఆ తర్వాతే ఇటు రండి. వదిన దాన్ని భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే చివరిసారి ముట్టుకుందామని చేయి చాచాను. పాప నా చూపుడువేలు పట్టేసుకుంది. వెనక్కి లాక్కోవాలని చూశాను. నా బలం చాల్లేదు. వదినే దాని వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది.

మీ కూతురు