ఏ మూల కదులుతుందో తెలిసినవాడు

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు వందనాలతో రాసేది. ఆదివారం బైబిల్లో యిర్మీయా గ్రంథం ఎనిమిదో అధ్యాయం మీద నిప్పులు కురిపించాను. రాజుల ఎముకలు, యాజకుల ఎముకలు సమాధుల్లోంచి బయటపడి ఎండలో పెంటలా పడి ఉంటాయన్నాడు దేవుడు! "తాపీ మేస్త్రీకి బోధ ఎందుకు" అని నన్ను చర్చిలోంచి గెంటించిన సంఘపెద్ద, ఏళ్ల కిందట చనిపోయినాయన, గుర్తున్నాడుగా? పేరెత్తలేదు, అందరికీ అర్థమైంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన సమాధి తెరిచి ఉంది. ఎముకలు గడ్డి మీద. నేను వేలు కూడా పెట్టలేదు. తీర్పు దేవుడిది.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చూసి బస్సెక్కాను. నీ ఇంటికి రాలేదు, స్మశానానికి వెళ్లాను. పెద్దాయన భార్య ఇంకా ఎముకలు ఏరి తువ్వాల్లో చుడుతోంది. "చిన్నవి దొరకట్లేదమ్మా, వేళ్లవి" అంది. నేనూ కూర్చుని వెతికాను. నీ మాట విన్న ముగ్గుర్ని పోలీసులు పట్టుకెళ్లారట.

ఒక్కటి అడుగుతాను. పై బండకి పెచ్చు కూడా ఊడలేదు. గునపం ఎక్కడ దూర్చాలో తెలిస్తేనే అలా లేస్తుంది. ఆ సమాధి కట్టిందెవరురా? నాన్న నేర్పిన పనితనం నేను గుర్తుపట్టలేననుకున్నావా?

యిర్మీయా దగ్గరే ఆగిపోకు. ఆమోసు రెండో అధ్యాయం తియ్యి. ఆయనా నీలాగే బడిలో చదివి ప్రవక్త కాలేదు, గొర్రెలు కాసుకునేవాడు. చదివాక రాయి. అబద్ధమైతే రాయకు.

అక్క

అక్కా,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు.

చదివాను. మోయాబు వాళ్లు ఎదోము రాజు ఎముకల్ని కాల్చి సున్నం చేశారు. ఆ రాజు దేవుడి మనిషేం కాదు. అయినా దేవుడు వాళ్లని వదల్లేదు. ముప్పయ్యేళ్లుగా సున్నం కలుపుతున్నాను, ఆ వచనం కంటపడలేదు. కాదు, పడింది. పేజీ తిప్పేశాను. ఎముకలు బయటికి తెస్తానన్నవాడు దేవుడు. నాకు గునపం ఇవ్వలేదు.

వేలు పెట్టలేదన్నది నిజమే, నోరు పెట్టాను. బండ కదలట్లేదని ముగ్గురూ నా దగ్గరికొచ్చారు. "తలవైపు, కుడిమూల" అన్నాను. నవ్వాను కూడా.

నిన్న స్టేషన్‌లో అంతా చెప్పేశాను. రాసుకున్నారు, పూచీ మీద పంపారు. ఇవాళ పనిముట్లతో సమాధి దగ్గరికెళ్లాను. పెద్దాయన భార్య ఎముకల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ముందు మోకరించాను.

"లే. సున్నం కలుపు, మేస్త్రీ" అంది. ఆవిడే నీళ్లు పోసింది.

మూట లోపల పెట్టింది. నేను బండ దించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈసారి ఏ మూల కదులుతుందో నీక్కూడా తెలియకుండా కట్టు."

సున్నం ఆరిపోతోంది. బండ పక్కన కూర్చుని రాస్తున్నాను. అలా కట్టడం నాన్న నాకు నేర్పలేదక్కా.

తలెత్తలేని
నీ తమ్ముడు