నాన్న ఇచ్చిన నలభై

1974 ఆగస్టు, సోమవారం రాత్రి

కళ్ళజోడు మార్పించుకోవడానికి నాన్న ఈరోజు చల్లపల్లి నుంచి వచ్చారు. గవర్నర్‌పేటలో నేను నెల రోజులుగా తప్పించుకు తిరుగుతున్న పుస్తకాల షాపు ముందు నుంచే తీసుకెళ్ళారు. షాపాయన లోపలి నుంచి చూశాడు.

"ఏం బాబూ, ఇటు రావడమే మానేశావు?"

నాన్నకు అర్థమైపోయింది. "మావాడు ఏమైనా బాకీ ఉన్నాడాండీ?"

"ముప్పై ఎనిమిదండీ. పర్లేదు, చదువుకునే పిల్లాడు."

నాన్న తిట్టలేదు. కళ్ళజోడు షాపుకీ వెళ్ళలేదు. బస్టాండులో నలభై రూపాయలు నా జేబులో పెట్టి, "నీ చేత్తో నువ్వే ఇవ్వు. నేనిస్తే నీకు బరువు తెలీదు" అని బస్సెక్కారు.

నేరుగా వెళ్ళి ఇచ్చేశాను. షాపాయన ఖాతాలో నా పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆ గీత చూడగానే నేనూ పరువున్న మనిషినే అనిపించింది. ఆ సంతోషంలోనే బల్ల మీదున్న నిఘంటువు తీసి చూశాను. పేజీలు తిప్పుతుంటే వదలబుద్ధి కాలేదు.

"ఇరవై రెండు. రాసుకోనా?" అన్నాడాయన.

ఊఁ అన్నాను.

ఇన్నాళ్ళూ డబ్బు లేక అప్పు చేస్తున్నాననుకున్నాను. కాదు. ఎవరైనా నన్ను నమ్మి రాసుకుంటే నాకు గొప్పగా ఉంటుంది. అందుకే చేస్తున్నాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

నిఘంటువు మంచం కింద ఉంది. తెచ్చాక మళ్ళీ తెరవలేదు. నేను ఊఁ అన్నప్పటికి నాన్న బస్సు కంకిపాడు కూడా దాటి ఉండదు.